ఏడుపు బిట్టు

సాయిసుధకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నాలుగున్నరేళ్ళ కూతురు శ్రీనిధి ఏదో ఒక రోజు గుక్కపట్టి ఏడుస్తుంది, ఆ ఏడుపు తన చెవిన పడుతుంది, తను మాత్రం ఉన్నచోటి నుంచి లేవకుండా, బాగానే ఏడుస్తోంది, చివర్లో రెండు ఎక్కిళ్ళు పడితే ఇంకా బాగుండేది, అనుకుంటూ కూర్చుండిపోతుంది. జ్వరాలకు, లారీలకు, వీధికుక్కలకు తల్లులందరూ భయపడతారు. తనూ పడుతుంది. గ్యాసు కట్టేశానా అని రోజుకు నాలుగుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకుంటుంది, పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. అవన్నీ నలుగురికీ చెప్పుకోదగ్గ భయాలు. ఇది చెప్పుకునేది కాదు. పైగా ఇది రాబోయేది కూడా కాదు, ఒకసారి వచ్చి వెళ్ళిందే. ఎనిమిదో నెలలో పిల్ల మంచం మీంచి పడి ఏడుస్తుంటే, తను పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని, మొదటి కేక నిజం, రెండోది కొంచెం తగ్గింది, మూడోదానికి ఊపిరి సరిపోలేదు, అని వింటూ నిలబడింది. పక్క వాటాలో ఉండే ఎల్లమ్మ పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుని, "ఏందమ్మా, చెవుల వడ్తలేదా నీకు" అంది. పడుతోంది, అంది సాయిసుధ. నిజమే చెప్పింది. చెవిలో పడింది, అంతకన్నా కిందికి దిగలేదు.

ఇప్పుడామె ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ రెండో అంతస్తు వరండాలో, ఇనుప కుర్చీలో, డైలాగు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున పదకొండు. సినిమాల్లో పిల్లలకు గొంతు ఇవ్వడం ఆమె పని. మనిషికి ఇరవయ్యేడేళ్ళు వచ్చాయి, గొంతుకు ఆరేళ్ళు దాటలేదు. పిలిచారని వచ్చింది, లోపలికి వెళ్ళింది, హెడ్‌ఫోన్లు తగిలించుకుని బిట్టు, అంటే తను గొంతు ఇవ్వాల్సిన ముక్క, ఒకసారి చూసింది. అంతలో పెద్ద ఆర్టిస్టు ఎవరో వచ్చారు, ఆయనకు మధ్యాహ్నం విమానం ఉందట, ఒక గంట బయట కూర్చోమ్మా అన్నారు. కూర్చుంది. కూర్చోమంటే కూర్చోవడం, లేవమంటే లేవడం ఆమెకు చిన్నప్పుడే వచ్చేసిన విద్య. కింది అంతస్తు దుస్తులు అద్దెకిచ్చే దుకాణం వాళ్ళది. పిట్టగోడ మీద ఎవరిదో రాజుగారి అంగీ ఆరేశారు, జరీ అంచు నుంచి నీళ్ళు ఒక్కో చుక్కే కారుతున్నాయి. అవతల గుడి మెట్ల దగ్గర కార్లు, ఎండ, ఎక్కడో బోరు వేస్తున్న చప్పుడు. మెత్తలు కొట్టిన తలుపు వెనక నుంచి మాత్రం ఏ చప్పుడూ రాదు. లోపల ఎవరు ఎంత అరిచినా వరండాలోకి రాకూడదనే కదా ఆ తలుపు చేయించింది.

లోపలున్న పది నిమిషాల్లో చూసింది ఇంతే. ఒక బంగళా మెట్లు, మెట్ల మీద పసుపు గౌనులో ఒక పిల్ల, ఆరేళ్ళుంటాయి, ఏడుస్తుంది. షూటింగ్ జరిగేటప్పుడు అక్కడి మైకులో పడిన అసలు శబ్దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. అందులో జనరేటర్ మోత ఉంటుంది, కాకులుంటాయి, ఎవరో దగ్గుతారు, అందుకని దాన్ని సినిమాలో ఉంచరు. డబ్బింగ్ వాళ్ళు ఆ శబ్దం వింటూ, పెదవులు చూస్తూ మళ్ళీ చెప్తారు. మళ్ళీ ఏడుస్తారు. మామూలుగా క్లాప్ కొట్టిన తర్వాతి ముక్కే డబ్బింగ్‌కు పంపుతారు. ఈ రోజు ఎవరో కత్తిరించడం మర్చిపోయారు. క్లాప్‌కు ముందు ఒక మగ గొంతు, ఎంతో ముద్దుగా, పక్కన కూర్చుని తల నిమురుతున్నట్టుగా, "మీ అమ్మ బస్సెక్కి వెళ్ళిపోయిందిరా కన్నా. ఇంక రాదంట" అంది. ఆ తర్వాత టప్‌మని క్లాప్. ఆ తర్వాత ఏడుపు. గాజు అద్దం అవతల సౌండ్ ఇంజనీరు సుబ్రహ్మణ్యం గారు నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, ఆ ముక్క కొయ్యలేదమ్మా వెధవలు, నువ్వు క్లాప్ దగ్గర్నుంచి పట్టుకో, అన్నారు. మంచాయన. ముప్ఫయ్యేళ్ళుగా అందరి ఏడుపులూ సరిచేసి సరిచేసి, ఎవరి ఏడుపులో ఎంత ఎక్కువైందో చూడకుండానే చెప్పగలిగే మనిషి. సాయిసుధ సరేనండీ అంది. పన్ను పీకించుకోవడానికి ముందు ఇంజెక్షన్ ఇస్తే పెదవి ఎలా ఉంటుందో, ఉందో లేదో వేలితో తడిమి చూసుకోవాల్సినట్టు, ఒళ్ళంతా అలా ఉంది.

బస్సు. అదే మాట. తనకూ బస్సే చెప్పారు. ఇరవయ్యొక్క ఏళ్ళ కింద, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో. ఇప్పుడక్కడ కాఫీ హోటలు పెట్టారు, గోడ పగలగొట్టి అద్దాలు బిగించారు, కుర్రకారు లాప్‌టాపులు తెరుచుకుని కూర్చుంటారు. చెక్‌పోస్టు నుంచి వచ్చేటప్పుడు ఆటో దాని ముందు నుంచే వస్తుంది, ఆమె ఎప్పుడూ కుడి వైపుకు తిరిగి కూర్చుంటుంది. ఆ మాట చెప్పడానికి ముందు రోజు ఆ సీనుకు ఆరేళ్ళ తను ఏడవలేదు. గ్లిజరిన్ వేశారు, కళ్ళు మండి మూసేసుకుంది, ఈలోగా పొద్దు వెలుగు పోయింది, డైరెక్టరు కుర్చీ తన్నాడు. మర్నాడు అసిస్టెంటు ఒకతను వచ్చి పక్కన కూర్చుని, తల నిమిరి, చెప్పాడు. ఏడ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ఎక్కడి నుంచో వచ్చి, చాక్లెట్టు చేతిలో పెట్టి, బంగారు తల్లీ, ఎంత బాగా ఏడ్చావే, అని ముద్దు పెట్టుకుంది. ఆ తర్వాత ఏడుపు పాప అని పేరొచ్చింది, ఏడుపు ఉంటే కబురొచ్చేది. బస్సు, రైలు, ఒకసారి నూతిలో పడిపోయిందన్నారు. నమ్మకపోయినా ఏడ్చేది, అమ్మ చూస్తుంటుంది కదా. ఆరో తరగతి సగంలో బడి ఆగింది. తొమ్మిదేళ్ళకే కన్నీళ్ళు సరిగా రావడం మానేశాయి, పదకొండేళ్ళకు పిలుపులూ ఆగాయి. మిగిలింది గొంతు. కళ్ళు పొడిగా ఉన్నా గొంతు ఏడ్వగలదని కనిపెట్టింది కూడా ఈ థియేటర్లోనే. ఇరవయ్యొక్క ఏళ్ళయినా ఆ మాట మారలేదంటే, బస్సూ అదే, కన్నా అనే పిలుపూ అదే అంటే, దాన్ని ఒక అసిస్టెంటు ఇంకో అసిస్టెంటుకు నేర్పుతున్నాడన్నమాట, క్లాప్ ఎలా పట్టుకోవాలో నేర్పినట్టు.

పసుపు గౌను పిల్ల ఏడుస్తూ ఎడమ పక్కకు చూసింది. కెమెరా అటు లేదు. డైలాగు కాగితంలో "పాప గేటు వైపు చూస్తూ ఏడుస్తుంది" అని ఉంది, గేటేమో కుడి పక్కన ఉంది. వరండాలో కూర్చున్న సాయిసుధ ఆలోచన ఆ చూపు దగ్గర ఆగిపోయింది. కాగితం తిప్పింది. వెనక వైపు ఖాళీగా ఉంది. సంచిలోంచి పెన్ను తీసింది.

డైలాగు కాగితాల వెనక రాయడం మొదలై రెండేళ్ళయింది. మంచం మీంచి పిల్ల పడిన సంగతి కమలాకర్ మర్చిపోలేదు. భర్త అతను, సెట్లు కట్టే దగ్గర వడ్రంగి పని చేస్తాడు, మాట తక్కువ మనిషి. చూసీ చూసీ చివరికి భార్యను మధురానగర్‌లో మనోజ గారని కౌన్సెలింగ్ చేసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ మూడు వారాలు మాట్లాడించాలని చూసి, సాయిసుధ నోట్లోంచి అవునండీ, కాదండీ తప్ప రాకపోతే, రాయమంది. నాకు రాయడం రాదండీ, చదువుకోలేదు, అంటే, "నీకొచ్చినట్టు రాయమ్మా. ఎవ్వరు మార్కులెయ్యరు" అంది. సాయిసుధకు తెలిసిన రాత ఒక్కటే. డబ్బింగ్ వాళ్ళు డైలాగు మీద, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ ఒక గీత గీసుకుంటారు. అలాగే రాసింది, నాలుగు మాటలు, ఒక గీత, మూడు మాటలు, ఒక గీత. మనోజ గారు చదివి, గీత ఉన్నచోటల్లా కింది లైనులోకి వెళ్ళు, అంది. వెళ్తే కవితలా కనిపించింది. కవిత అనుకోవడానికి సిగ్గేసింది, పక్కింటి వాళ్ళ నగ పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టు. గురువారం గురువారం పదకొండు మంది ఆడవాళ్ళు ఫోన్లో ఒక గ్రూపులో ఇలాంటివి పెట్టుకుంటారు. ఒకావిడ మామగారి గురించి, ఒకావిడ హాస్టలు గురించి, ఒకావిడ ఎప్పుడూ ఉడికించిన చిలగడదుంపల గురించే రాస్తుంది, ఎందుకో ఎవరూ అడగరు. మెచ్చుకోకూడదు, ఓదార్చకూడదు, చదివాను అని మాత్రం పెట్టాలి. ఆ చదివాను అనే మాట చూసినప్పుడు సాయిసుధకు, ఇంజెక్షన్ మత్తు పోతూ పోతూ పెదవి చివర చిన్న చీమ పాకినట్టుంటుంది. ఒక్క క్షణం. మళ్ళీ ఉండదు.

అయితే ఏది రాసినా ఒకే చోట ఆగిపోయేది. బస్సెక్కి వెళ్ళిపోయింది అన్నారు, నేను బస్సు కోసం చూడలేదు, జనరేటర్ బండి వైపు చూశాను. అక్కడికొచ్చి పెన్ను నిలబడిపోయేది. ముప్ఫై నలభై సార్లు రాసి ఉంటుంది ఆ మూడు లైన్లు. జనరేటర్ బండి వైపు ఎందుకు చూశావమ్మా అని మనోజ గారు అడిగితే, చప్పుడు వస్తోంది కదండీ, అంది. అబద్ధమని ఆవిడకూ తెలుసేమో, కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడు మళ్ళీ ఆ మూడు లైన్లూ రాసింది. రాసి, పసుపు గౌను పిల్ల మెడ ఎడమకు తిప్పిన తీరు తలుచుకుంది. మనిషిని వెతికే కళ్ళు పైకి చూస్తాయి. ఆ పిల్ల కళ్ళు నేల వైపున్నాయి. పెన్ను ఆగలేదు.

బండి చక్రాల సందులో
రెండు కాళ్ళున్నాయి
ఎడమ కాలి మెట్టె
అరిగి సన్నగా ఉంటుంది
నాకు తెలుసు
వస్తాయి కదా అని
ఏడుపు కొంచెం పెంచాను
రాలేదు
ఇంకొంచెం పెంచాను
కట్ అన్నారు
అప్పుడొచ్చాయి

రాసి, పెన్నుకు మూత పెట్టింది. అంటే ఆ రోజు నమ్మలేదన్నమాట. మొదటి రోజే, మొదటి షాట్లోనే తెలుసు, అమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళిపోయిన అమ్మ కోసం ఏడ్చానని ఇన్నేళ్ళు అనుకుంది, అలా అనుకుంటే సులువుగా ఉంది, అసిస్టెంటు మీద పెట్టేస్తే సరిపోయేది. పదడుగుల దూరంలో నిలబడి, వింటూ, రాని కాళ్ళ కోసం ఏడ్చింది. పిట్టగోడ మీద రాజుగారి అంగీ గాలికి ఒక చెయ్యి ఎత్తి దించింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది సాయిసుధ. రాలేదు. సరే, రాకపోతే రాకపోయింది.

ఫోను ఒళ్ళో అదిరింది. అమ్మ. బాలాత్రిపురసుందరి, మోతీనగర్లో ఉంటుంది, డబ్బింగ్ ఉన్న రోజు శ్రీనిధిని ఆవిడ దగ్గరే వదిలి వస్తుంది. నిన్నటి నుంచి ఒకటే పాట. జూబ్లీహిల్స్‌లో ఏదో షూటింగ్, చిన్నపిల్ల కావాలట, పాత మేనేజరు ఒకాయన శ్రీనిధి ఫోటో చూసి ముచ్చటపడ్డాడట. రెండింటికి కారు పంపుతామన్నారు, నువ్వు ఊ అంటే నేను దగ్గరుండి తీసుకెళ్తాను. రాత్రి కమలాకర్‌కు చెప్తే, "నీకిష్టం లేకుంటే వద్దను, ఐపాయె. గిందుట్ల అంత సోంచాయించుడేంది" అని చద్దరు కప్పుకున్నాడు. వద్దనాలని ఆమెకు తెలుసు. కానీ వద్దు అనడానికి లోపల ఏదో ఒకటి మండాలి కదా, మండకుండా ఊరికే వద్దంటే అది తన మాటేనా అని ఆలోచిస్తూ తెల్లారింది, ఇంత పొద్దెక్కింది. ఫోన్లో అమ్మ వెనక శ్రీనిధి ఎవరికో పాఠం చెబుతోంది, దిండ్లకు కాబోలు, నోరు మూసుకుని కూర్చోండి అంటోంది. అమ్మ గౌను ఇస్త్రీ చేసిన సంగతి చెప్పింది, గుగ్గిళ్ళు పెడితే పిల్ల తినని సంగతి చెప్పింది, ఏమంటావే మరి, వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అంది. షాట్ ఏంటమ్మా అని అడిగింది సాయిసుధ. ఏముందే, చిన్నదే, గుమ్మంలో నిలబడి కాస్త కళ్ళు తడుపుకుంటే చాలు, అంది అమ్మ.

"అమ్మా, ఆ రోజు జనరేటర్ బండి వెనక నీ కాళ్ళు కనిపించాయి నాకు."

ఏ రోజు అని అడుగుతుందనుకుంది. అడగలేదు. శ్రీనిధి దిండ్లను లేచి నిలబడమంటోంది. అమ్మ, చాకలి పద్దు చెప్పినంత మామూలుగా, "నేను కదిలితే షాట్ పోతుందన్నారే. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. చచ్చిపోతావేమో అనిపించింది, అంతలా ఏడ్చావు. అయినా కదల్లేదు" అంది.

సాయిసుధ ఆ మాటను చేతిలో పట్టుకున్నట్టు కాసేపు ఉంచుకుంది. అమ్మకు అనిపించింది. తనకు అనిపించనిదంతా ఆ రోజు బండి వెనక అమ్మకు అనిపించింది, కొంగు సరిపోనంత అనిపించింది, అయినా కాలు కదల్లేదు. అనిపించడానికీ లేవడానికీ మధ్య తాడు కట్టి ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది, ఒకటి లాగితేనే రెండోది వస్తుందని. తాడేమీ లేదు. ఉంటే అమ్మ వచ్చేది. మరి లేనప్పుడు, ఏమీ అనిపించని మనిషి కూడా లేవచ్చు, గరిటె పక్కన పెట్టి, నాలుగడుగులు వేసి, పిల్లను ఎత్తుకోవచ్చు. దానికి గుండె పర్మిషను అక్కర్లేదు. ఇది గొప్ప సంగతో, దిక్కుమాలిన సంగతో ఆమెకు తెలియలేదు. "నిధిని పంపొద్దమ్మా. కారొస్తే తిప్పి పంపించెయ్. నేను ఒంటిగంటన్నరకల్లా అక్కడుంటాను" అంది. గొంతు ఆరేళ్ళ గొంతే, కానీ మాట తడబడలేదు. అమ్మ సరేలేవే అంది. అన్నాక కూడా ఫోను పెట్టలేదు. ఇద్దరూ కాసేపు శ్రీనిధి పాఠం విన్నారు. తర్వాత సాయిసుధే కట్ చేసింది.

పన్నెండు కావస్తుంటే తలుపు తెరుచుకుని పెద్ద ఆర్టిస్టు, ఆయన వెనక నలుగురు, సెంటు వాసన, మెట్లు దిగిపోయారు. సుబ్రహ్మణ్యం గారు రెండు గ్లాసుల్లో టీ పట్టుకొచ్చి, ఒకటి ఆమెకిచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ పిల్ల ఎవరండీ అని అడిగింది. ఏ పిల్ల? పసుపు గౌను. ఆయన టీ ఊదుకుంటూ, జోషిత అనో ఏదో అన్నారమ్మా, తల్లి జూనియర్ ఆర్టిస్టు, యూసుఫ్‌గూడలో పిండి గిర్ని పక్క సందట, మొన్న కాగితాల మీద సంతకానికి వస్తే మాటల్లో చెప్పింది, ఏం, నీకు తెలిసిన వాళ్ళా, అన్నారు. కాదండీ. మరి ఆ క్లాప్ ముందు ముక్క మీ దగ్గర ఉంచుకుంటారా, అంది. ఆయన ఆమె మొహంలోకి మొదటిసారి చూసినట్టు చూశారు. ఆమె ఎందుకడుగుతోందో తెలిసింది ఆయనకు. "ఉంచడానికి నాదేముందమ్మా. నువ్వు చెప్పగానే పైలట్ తీసేస్తారు. ఇన్నేళ్ళలో ఎన్ని విన్నానో. వినీ వినీ, అదీ జనరేటర్ మోతలో కలిసిపోయింది నాకు" అన్నారు. అని, టీ తాగకుండానే గ్లాసు కిటికీలో పెట్టేసి లోపలికి వెళ్ళారు.

అంటే తను ఏడిస్తే ఆ పిల్ల ఏడుపు చెరిగిపోతుంది. తను కాదంటే సాయంత్రానికి ఇంకో గొంతు వచ్చి చెరిపేస్తుంది. వెళ్ళింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది, ఎర్ర లైటు వెలిగింది, పసుపు గౌను మెట్ల మీద కూర్చుంది. ఈసారి సుబ్రహ్మణ్యం గారు క్లాప్ దగ్గర్నుంచే వేశారు, ఆ మగ గొంతు లేదు, ఎన్నడూ లేనట్టే ఉంది. పిల్ల నోరు తెరిచింది, సాయిసుధ నోరు తెరిచింది. ఊపిరి ఎక్కడ తెగుతుందో, ఎక్కడ గొంతు జీరపోతుందో, ఎక్కడ ఇంకొంచెం పెంచుతుందో ముందే తెలుసు. ఇంకొంచెం పెంచిన చోట కళ్ళు మూసుకుంది, కళ్ళు మూసుకుంటే పెదవులు కనపడవు, అయినా సరిగ్గా పడింది. ఒకే టేకు. ఓకే అమ్మా, అన్నారు స్పీకర్లోంచి, ఎప్పుడూ పక్కనే చెప్పే చాలా బాగుంది అనే మాట అనలేదు. థాంక్స్ అండీ అంది.

మెట్ల మధ్యలో, గాలి తగిలే చోట నిలబడి కాగితం మీది లైన్లన్నీ ఫోన్లో ఆ ఆడవాళ్ళ గ్రూపులోకి ఎక్కించింది. ఆటోలు పైకెక్కుతూ రొద చేస్తున్నాయి. ఆటో పిలవాలి, మోతీనగర్ చేరేసరికి ట్రాఫిక్కు ఎంతుంటుందో. అప్పుడొచ్చాయి అన్న లైను కింద కాసేపు బొటనవేలు ఆగింది. కవిత అయిపోయింది, ఇంక ఏం రాసినా అది కవిత కాదు. ఈ రోజు గురువారం కూడా కాదు. అయినా రాసింది, ఊపిరి గీతలు లేకుండా, ఒకే బిగిన.

అక్కలూ, మీలో యూసుఫ్‌గూడ దగ్గర్లో ఎవరున్నా, పిండి గిర్ని పక్క సందులో జోషిత అని ఆరేళ్ళ పిల్ల ఉంటుంది, వాళ్ళమ్మ జూనియర్ ఆర్టిస్టు, దయచేసి ఈ సాయంత్రం ఏదో ఒక సాకుతో వెళ్ళి ఒకసారి చూసి రండి. నేను రేపు నిధిని తీసుకుని వెళ్తాను, ఈ లోపు ఒక రాత్రి ఉంది. మీరు వెళ్ళేసరికి పిల్ల ఆడుకుంటూ ఉంటే కాసేపు కూర్చోండి, ఎలాగూ ఎక్కడో పడుతుంది, మోకాలు కొట్టుకుంటుంది. ఏడిస్తే పరవాలేదు, వచ్చేయండి. ఏడవకుండా లేచి, దులుపుకుని, ఏడవాలా వద్దా అన్నట్టు ముందు మీ మొహం వైపు చూస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి.